పళ్ళు తగ్గిన గిత్త

"మా గిత్త మనిషిని పొడిచిందంటే నాకూ సిగ్గుగానే ఉందండి. కానీ తప్పు గిత్తది కాదు. ప్యాంటూ చొక్కా ఏసుకుని ఆడమనిషి గొడ్ల చావిట్లో దూరితే ఇట్టాగే అవుద్ది."

ఆ మాట అని రత్తయ్య మీసం మీది టీ నురగ తుడుచుకున్నాడు.

జాయిస్ అడ్డు చెప్పలేదు. పదమూడేళ్ళు సబ్ ఇన్‌స్పెక్టరుగా చేసి, ఉద్యోగం వదిలి విజయవాడలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆమె. ఎదుటివాడు అడక్కుండానే సంజాయిషీ ఇచ్చుకుంటుంటే మధ్యలో మాట్లాడకూడదని ఆమెకు తెలుసు.

నందిగామ నుంచి వీరులపాడు వెళ్ళే దారిలో, ఊరికి విడిగా ఉంది రత్తయ్య ఇల్లు. ఇంటి వెనక గొడ్ల చావిడి. మంగళవారం నాడు ఆ చావిట్లోనే వాగ్దేవి చచ్చిపోయింది. ముప్పై నాలుగేళ్ళది. జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు టీచరు. పందెం గిత్త పొడిచిందని పోలీసులు కాగితాలు రాసేశారు. తల్లి కమలాంబ మాత్రం నమ్మలేదు. రిటైరైన తెలుగు టీచరామె. నేరుగా జాయిస్ దగ్గరికి వచ్చి, "నా కూతురు ఎద్దుల మధ్య తిరగడం నేర్చిన పిల్లమ్మా, కొమ్ము ఎటు తిరుగుతుందో దానికి తెలుసు," అంది.

ఈ రోజు శుక్రవారం. మధ్యాహ్నం మూడు దాటింది. కూతురి సామాన్లు తెచ్చిపెట్టమని కమలాంబ సంతకం చేసిచ్చిన కాగితం పట్టుకుని జాయిస్ ఇక్కడికి వచ్చింది. వసారాలో రత్తయ్య, అతని భార్య సీతారావమ్మ, కొడుకు దిలీప్ కూర్చున్నారు. వాళ్ళ ముగ్గురికీ టీ గాజు గ్లాసుల్లో వచ్చింది. జాయిస్ పేరు విన్నాక ఆమెకు మాత్రం కాగితం కప్పులో వచ్చింది. ఆమె ఆ కప్పును తాకకుండా పక్కన పెట్టింది.

"ఎన్నింటికి జరిగిందండీ?"

"ఐదుకి ఐదు నిమిషాలు తక్కువ," అంది సీతారావమ్మ. "పాలు తీద్దామని తపేలా పట్టుకుని బయటికొచ్చా. అరుపు వినపడింది. వెళ్ళి చూస్తే ఏముంది, అయిపోయింది."

"రత్తయ్యగారు?"

"ఐదుకి ఐదు నిమిషాలు తక్కువండి. మంచం మీద కునుకు తీస్తున్నా."

"ఐదూ ఐదుకి అంబులెన్సుకు ఫోన్ చేశారు. దిలీప్‌గారూ, మీరెక్కడున్నారు?"

దిలీప్‌కు ముప్పై ఏళ్ళుంటాయి. ఇందాకటి నుంచీ నేల చూపులు చూస్తున్నాడు. "ముక్త్యాల్లో ఉన్నా మేడం. మా లారీ సిమెంటు లోడింగుకి వెళ్ళింది. ఒంటిగంటన్నరకే బయల్దేరా. ఇంటికొచ్చేసరికి ఐదుంపావు అయింది."

"ముక్త్యాలకు గంట పైనే పడుతుంది కదా."

"పడుద్ది."

జాయిస్ ఫోన్ తీసింది. గత రెండు రోజులూ ఆమె వాగ్దేవి నోటు పుస్తకాలు చదువుతూనే గడిపింది. ఆ పుస్తకాల నిండా ఒకటే పేరు, రోజా బొనర్. నూట డెబ్బై ఏళ్ళ కిందట ఫ్రాన్సులో పశువుల బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్న చిత్రకారిణి. దుక్కి దున్నే ఎద్దుల్ని, వాటి కాళ్ళ కింద తిరగబడిన మట్టితో సహా, పెద్ద గోడంత బట్ట మీద వేసింది. కండ ఎముక మీద ఎలా అతుక్కుంటుందో చూడటానికి కబేళాలకు వెళ్ళింది. గుర్రాల సంతలో మగవాళ్ళు అల్లరి పెట్టకుండా ఉండాలని ప్యాంటు తొడుక్కుంది. అందుకు పోలీసుల దగ్గర పర్మిషన్ కాగితం తీసుకుని, ఆరు నెలలకొకసారి దాన్ని మళ్ళీ రాయించుకునేది. ఆ కబురు కింద వాగ్దేవి ఎర్ర సిరాతో రాసుకుంది: "కళ్ళ ముందున్నది వదలకూడదు. లేనిది చేర్చకూడదు. నాకు రోజా నేర్పింది ఇంతే."

వాగ్దేవి అలాగే బతికింది. ఎడ్ల పందేలు ఎక్కడ జరిగితే అక్కడికి ప్యాంటూ చొక్కా వేసుకుని వెళ్ళేది. జనం నవ్వేవాళ్ళు. ఒకసారి జి.కొండూరు దగ్గర ఎవరో ఆమె మీద పేడ విసిరారు. ఆ పేడ కూడా ఆ రోజు బొమ్మలో ఉంది.

"ఆవిడ స్కెచ్ పుస్తకం ఏదండీ?" అని అడిగింది జాయిస్.

"గిత్త తొక్కేసిందండి. ఫోను కూడా. నెత్తురు పట్టిన కాగితాలు ఇంట్లో ఎందుకని పొయ్యిలో పెట్టా," అంది సీతారావమ్మ.

"మంచిది. కానీ ఆవిడకొక అలవాటుంది. ఏ బొమ్మ గీసినా ఫోటో తీసి అప్పటికప్పుడు వాళ్ళమ్మకి పంపేది. మంగళవారం మధ్యాహ్నం రెండు ముప్పై ఒకటికి ఇది పంపింది. కమలాంబగారు నాకిచ్చారు."

ఆమె ఫోన్‌ను ముగ్గురి ముందూ తిప్పింది. పెన్సిలుతో గీసిన గిత్త నోరు అది. కింది పెదవిని ఒక మగచెయ్యి పట్టుకుని కిందికి లాగింది. చిగుళ్ళు, పళ్ళు, తీగలా సాగిన చొంగ, అన్నీ ఉన్నాయి. ఆ మణికట్టుకు వాచీ ఉంది. వాచీ అద్దం మీద అడ్డంగా పగులు. పగులు కింద ముళ్ళు రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు చూపిస్తున్నాయి.

"ఎద్దు దానంతటది నోరు తెరిచి కూర్చోదు కదండీ, ఎవరో ఒకరు పట్టుకోవాలి. దిలీప్‌గారూ, మీ వాచీ ఏది?"

దిలీప్ ఎడమ చేతిని కుడి చేత్తో కప్పుకున్నాడు. అయినా దాగలేదు. నల్లబడిన చేతి మీద, ఎండ తగలని చోట, వాచీ పట్టీ మేర తెల్లటి గుర్తు ఉంది.

"వాచీలు ఊళ్ళో అందరికీ ఉంటయ్యి," అంది సీతారావమ్మ.

"ఉంటాయండి. పళ్ళ సంగతి చూద్దాం." జాయిస్ ఇంకో బొమ్మ చూపించింది. "ఇది జనవరిలో గీసింది. ఇదే గిత్త, సింహాద్రి. ఆరు పళ్ళు. ఇది ఏప్రిల్లో గీసింది. నాలుగు పళ్ళు. మంగళవారం గీసిన దాంట్లోనూ నాలుగే. వయసు పెరుగుతుంటే పళ్ళు పెరగాలి కదండీ రత్తయ్యగారూ? మీ గిత్తకు తగ్గాయేంటి?"

రత్తయ్య గ్లాసు కింద పెట్టాడు.

"పందేల్లో పళ్ళు లెక్క చూసి విభాగం ఇస్తారు. ఆరు పళ్ళ గిత్తను నాలుగు పళ్ళ కుర్ర గిత్తల మీదికి తోలితే గెలవక ఏం చేస్తుంది? ఏప్రిల్లో మొదటి బహుమతి మీదే. రెండు పళ్ళు పీకేశారు. పాల పళ్ళు ఊడి కొత్తవి రావాల్సి ఉందని కమిటీ వాళ్ళు అనుకున్నారు. వాగ్దేవి అలా అనుకోలేదు. ఆవిడ దగ్గర జనవరి బొమ్మ ఉంది. కమిటీకి చూపిస్తానంది కదూ?"

"అదొక నోరులేని జీవం. పందెం కోసం పళ్ళు పీకుతారా అని అడిగింది," అన్నాడు దిలీప్. "నాన్నకి కోపమొచ్చి గునపం..."

"దిలీప్, నోరు ముయ్యి."

ఆ మాట గేటు దగ్గర్నుంచి వచ్చింది. ఎవరూ తల తిప్పకముందే మనిషి మెట్లెక్కి వసారాలోకి వచ్చేశాడు.

నవీన్‌బాబును జాయిస్ తొమ్మిదేళ్ళ తర్వాత చూస్తోంది. ఆమె కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె మీద సర్కిల్ ఇన్‌స్పెక్టరు అతనే. శవం ముందు నిలబడి అన్నం తినడం నేర్చుకోమని చెప్పిన మనిషి. లాకప్పులో ఒకడు చచ్చిపోతే ఉద్యోగం ఊడింది. ఇప్పుడు నందిగామలో ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్నాడు. ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో మరకలు తుడవడం అతని వృత్తి. జుట్టు నెరిసింది. భుజం మీద తెల్ల తుండు వేసుకున్నాడు.

"బాగున్నావా జాయిస్? సామాన్లకని వచ్చి విచారణ పెట్టావంట."

"నమస్తే సార్. వీళ్ళు మీ క్లయింట్లా?"

"అవును. నువ్విప్పుడు పోలీసువి కాదు. నేనూ కాను. ఇద్దరం అద్దె మనుషులమే. కుర్రాడు భయపడి ఏదో వాగాడు. రేపు కోర్టులో అది నిలబడదు. బొమ్మలో వాచీ ఉందంటావా? ఆవిడ ఇష్టమొచ్చిన టైము గీసుకుంది. బొమ్మ సాక్ష్యమైతే సినిమా పోస్టర్లన్నీ చార్జిషీట్లే."

"గాయం కూడా బొమ్మేనా సార్? గిత్త తల దించి పైకి ఎత్తుతూ పొడుస్తుంది. గాయం కింది నుంచి పైకి పోవాలి. పోస్టుమార్టం రిపోర్టులో పై నుంచి కిందికి ఉంది. కొమ్ము మొదట్లో లావు, చివర సన్నం. ఈ గాయం చివరి దాకా ఒకటే వెడల్పు. గునపం అయితే సరిపోతుంది."

"అది రాసిన డాక్టరే గిత్త పొడిచిందని కింద సంతకం పెట్టాడు."

"ఐదుకి ఐదు నిమిషాల ముందు పొడిస్తే, ఐదూ ఇరవై ఐదుకు అంబులెన్సు వచ్చేసరికి చొక్కా మీద నెత్తురు తడిగా ఉండాలి. అంబులెన్సులో వచ్చిన సూసన్‌తో మాట్లాడా. నెత్తురు ఎండి చొక్కా అట్టకట్టిందని చెప్పింది."

నవీన్‌బాబు చిన్నగా నవ్వాడు. "సూసన్‌కి ఇద్దరు పిల్లలు. రోజూ స్కూటీ మీద హైవే దాటి డ్యూటీకెళ్తది. వచ్చే వారానికి ఆ మాట గుర్తుండదులే."

జాయిస్ అతని కళ్ళలోకి చూసింది. తొమ్మిదేళ్ళ కిందట ఈ మాటకు ఆమె తల దించుకునేది.

"మీరెప్పుడొచ్చారు సార్ ఈ కేసులోకి?"

"బుధవారం పొద్దున రత్తయ్యగారు ఫోన్ చేస్తే వచ్చా. మంగళవారమంతా విజయవాడలో కోర్టు పని. అంతకు ముందు ఈ ఇల్లు కూడా తెలీదు నాకు." వాచీ చూసుకున్నాడు. "పావుగంట ఇస్తున్నా. సామాన్లు తీసుకుని వెళ్ళు. చావిడికి సున్నం వేయిస్తున్నాం. ఇంకొంచెం ఆగితే నీ బట్టల మీద పడుద్ది."

* * *

చావిట్లో మూడు గోడలు అప్పటికే తెల్లగా మెరుస్తున్నాయి. ఆదెమ్మ అనే కూలి మనిషి కుంచె పట్టుకుని నాలుగో గోడ మొదలుపెట్టబోతోంది. సింహాద్రి ఎదురుగా గుంజకు కట్టేసి ఉంది. ముందున్న పచ్చిమేత ఎక్కడిదక్కడే ఉంది. అది నోరు కదిపినప్పుడల్లా చీము కలిసిన చొంగ నేల మీదికి కారుతోంది. పళ్ళు పీకిన చోట పుండు పడింది.

"తినలేదమ్మా అది. రేపు కబేళా లారీ ఎక్కిస్తారంట," అంది ఆదెమ్మ.

"మంగళవారం నువ్విక్కడే ఉన్నావా?"

"పత్తి చేలో ఉన్నానమ్మా. మూడు కాకముందే దిలీప్‌బాబు వచ్చి, ఇయ్యాల చావిడి వైపు ఎవరూ రావద్దు అని చెప్పి పోయాడు. నెత్తురు చూశా ఆ బాబు చేతికి. గిత్తకి దెబ్బ తగిలిందన్నాడు."

మూడు కాకముందే. జాయిస్ మనసులో లెక్క వేసుకుంది. రెండు ముప్పై ఒకటికి తల్లికి బొమ్మ పంపింది. ఆ తర్వాత పది, పదిహేను నిమిషాల్లో గునపం పోటు పడింది. ప్రాణం పోయింది నాలుగుకూ ఐదుకూ మధ్య అని రిపోర్టులో ఉంది. అంటే గంటకు పైగా వాగ్దేవి బతికే ఉంది. ఆసుపత్రికి అరగంట దారి. ఇంటి ముందు కారుంది. ముగ్గురు మనుషులున్నారు. ఎవరూ కదల్లేదు.

జాయిస్ సామాన్ల వైపు తిరిగింది.

మూలన మడత స్టాండు, రేకు పెట్టె ఉన్నాయి. పెట్టెలో పెన్సిళ్ళు, రబ్బరు, చిన్న కత్తి. వాటి కింద బొమ్మలు గీసే బొగ్గు పుల్లల డబ్బా. పన్నెండు పట్టే డబ్బా, కొత్తది. పదకొండే ఉన్నాయి. జాయిస్ ఆ ఖాళీ వైపు కాసేపు చూసింది. రిపోర్టులో ఒక వాక్యం ఆమెను మొదటి రోజు నుంచీ సలుపుతోంది. కుడిచేతి వేళ్ళ కొసలకు నల్లటి మసి. డ్రాయింగు టీచరు కదా, మసి ఉండటంలో వింతేముందని అందరూ వదిలేశారు. కానీ మంగళవారం పంపిన బొమ్మ పెన్సిలుతో గీసింది. మరి ఆ బొగ్గు పుల్లతో ఏం గీసింది? ఎక్కడ గీసింది?

"ఆవిడ ఎక్కడ పడిపోయి ఉంది ఆదెమ్మా?"

ఆదెమ్మ కుంచెతో చూపించింది. ఎద్దులు మేసే సిమెంటు గాడి, సున్నం వేయని గోడ, రెండూ కలిసే మూల. అక్కడ చొప్ప కట్టలు పేర్చి ఉన్నాయి. నెత్తురు మరక కనపడకుండా పేర్చారని తెలుస్తూనే ఉంది. జాయిస్ వాటిని ఒక్కొక్కటే తీసి అవతల పడేసింది. నేల కడిగి ఉంది. గోడ మీద ఏమీ లేదు. గాడి అంచు మీదా ఏమీ లేదు.

పోలీసులు నిలబడి చూశారు. తనూ ఇప్పుడు నిలబడే చూస్తోంది.

జాయిస్ చెప్పులు విడిచి ఆ మూలలో నేల మీద పడుకుంది, ఎడమ పక్కకు ఒత్తిగిలి, కడుపులో పోటు పడిన మనిషి ముడుచుకున్నట్టు. పేడ వాసన, ఫినాయిలు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. అక్కణ్ణుంచి చావిడి తలుపు సూటిగా కనిపిస్తోంది. ఆమె కుడి చెయ్యి చాపితే గాడి పక్కభాగం అందుతోంది. మూలకు తిరిగిన ఆ భాగం తలుపు దగ్గరున్నవాళ్ళకు కనపడదు.

సిమెంటు మీద బొమ్మలున్నాయి.

మూడు బొమ్మలు, ఒక దాని పక్కన ఒకటి, అరచేతి వెడల్పున. ప్రతి దాని కింద, తన చేతి వాచీ చూసి కాబోలు, టైము వేసి ఉంది. మొదటిది మూడూ ఐదు. చావిడి తలుపు, తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలు, నలుగురు మనుషులు. రత్తయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. సీతారావమ్మ రోడ్డు వైపు చూస్తోంది. దిలీప్ మొహం కప్పుకున్నాడు. నాలుగో మనిషి గుమ్మానికి ఆనుకుని నిలబడి, గీస్తున్న మనిషి వైపే చూస్తున్నాడు. భుజం మీద తుండు, నెరిసిన జుట్టు, పెదవి కొసన చిన్న నవ్వు. వాగ్దేవి ఏమీ వదల్లేదు.

నవీన్‌బాబు.

అంబులెన్సుకు ముందు వాళ్ళు ఫోన్ చేసింది అతనికి. ఆసుపత్రికి తీసుకెళ్తే ఆవిడ నోరు విప్పుతుంది, కాబట్టి ఆగండి అని చెప్పి ఉంటాడు. వాళ్ళు ఆగారు.

రెండో బొమ్మ మూడూ నలభై. గీతలు వణికాయి. కుర్చీల్లో ముగ్గురున్నారు, గుమ్మం దగ్గర అతను వాచీ చూసుకుంటున్నాడు. ఆవిడ ఇంకా చావలేదు. అతను దానికోసమే చూస్తున్నాడు.

మూడోది నాలుగూ ఇరవై. అందులో మొహాలు లేవు. తలుపు లేదు. రెండు చేతులు మాత్రమే ఉన్నాయి, బాగా దగ్గరగా, బొమ్మంతా నిండిపోయేట్టు. ఆ చేతుల మధ్య నాలుగు మడతలు పెట్టిన తుండు. కుడిచేతి బొటనవేలు గోరుతో సహా పూర్తయింది. మిగిలిన వేళ్ళు గీతలుగానే ఆగిపోయాయి. బొగ్గు గీత ఒకటి పక్కకు జారి నేల దాకా పోయింది.

గునపం పోటు ఆమెను చంపలేదు.

జాయిస్ పడుకునే మూడు బొమ్మలకీ ఫోన్‌తో ఫోటో తీసింది. ఫోటోలు ఈ చావిడి దాటిపోవాలి, ఇప్పుడే. తెర మీద ఇందాక తెరిచిన కమలాంబ మెసేజీలు అలాగే ఉన్నాయి. బయట చెప్పుల చప్పుడు దగ్గరకొస్తోంది. ఇంకొకరి పేరు వెతికే వ్యవధి లేదు. ఒక తల్లి చూడకూడని బొమ్మ అని తెలిసే, జాయిస్ ఆ మూడింటినీ ఆమెకే పంపింది.

"ఆదెమ్మా, నువ్వింటికెళ్ళు," అంది ఒక గొంతు తలుపు దగ్గర. "మిగతా గోడ రేపేద్దువుగాని."

ఆదెమ్మ బకెట్టు వదిలేసి, జాయిస్ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. గడియ లోపలి నుంచి పడింది.

"నేల మీద పడుకుని చూడాలని నాకు తోచలేదు జాయిస్," అన్నాడు నవీన్‌బాబు. అతని గొంతులో కోపం లేదు. "నీకు పని నేర్పింది నేనే అని చెప్పుకోవచ్చు."

ఆమె చేతిలో ఫోన్ వణికింది. కమలాంబ దగ్గర్నుంచి జవాబు.

"ఇది మా వాగ్దేవి గీతే. చివరి బొమ్మలో ఆ చేతులు ఎవరివమ్మా?"

జాయిస్ లేచి గాడికి వీపు ఆనించి నిలబడింది. నవీన్‌బాబు భుజం మీది తుండు తీసి, దాన్ని మడత పెడుతూ, తొందర లేకుండా నడిచి వస్తున్నాడు. ఆమె అతని మొహం వైపు చూడలేదు. ఆ చేతుల్నే చూస్తూ, బొటనవేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, పేరు టైపు చేయడం మొదలుపెట్టింది.